పాట దాకా రాని పిలుపు

ఫోన్ల మధ్యనే ఉద్యోగం చేసి ఫోన్ల మధ్యనే రిటైరైన మనిషికి ఫోన్ అంటే భయం ఉండకూడదు. నాకు ఫోన్ మోగితే భయం లేదు. మోగకపోతేనే భయం. అదీ రోజంతా కాదు, పొద్దుగూకే వేళ కాసేపు. మిగతా సమయంలో నేను ధైర్యవంతుణ్ణే. మా ఆవిడ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఈ భయం ఎలా అంటుకుందో ఇప్పుడు మా పనిలోకి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక అంకె మారుస్తారు. ఆ అంకెకు అవతల ఎవరో ఒకరు ఉంటారు. ఆయన చేతిలో గొర్రెల కర్ర కూడా ఉండొచ్చు.

మాది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు మధ్య పెరిగిన వాళ్లకు ఆ చప్పుడు వినపడదు. ఆగితేనే వినపడుతుంది. బాపు మగ్గం ఉన్నట్టుండి ఆగితే వంటింట్లో అవ్వ, వాకిట్లో నేను ఒకేసారి తల ఎత్తేవాళ్లం. పోగు తెగిందా, మనిషికేమైనా అయిందా? ఎప్పుడూ పోగే తెగేది. అతికి మళ్లీ మొదలుపెట్టేవాడు, మేం తలలు దించుకుని మా పనిలో పడేవాళ్లం. డిగ్రీ చదివి నేను ఆ మగ్గం గుంటలోంచి బయటపడి సెల్ టవర్ ఎక్కాను. ఎత్తు మారింది తప్ప పని పెద్దగా మారలేదు. ఇక్కడి పోగును అక్కడి పోగుతో కలపడమే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కంపెనీ నన్ను పాలమూరుకు వేసింది. కంపెనీ పేరు చెప్పను. పింఛను ఇవ్వకపోయినా కొంత మర్యాద ఉంటుంది కదా. అక్కడ నాకు దొరికిన మనిషి మా టవర్ మెకానిక్. మక్తల్ దిక్కు ఊరు, గొర్లు కాసే ఇల్లు. జనరేటర్ దగ్గుతుంటే బయటి నుంచే విని రోగం చెప్పేవాడు, సగం సార్లు తప్పు చెప్పేవాడు, కానీ ఎంత ధీమాగా చెప్పేవాడంటే మిగతా సగం మేమే సర్దుకునేవాళ్లం. అతనిలో నాకు నచ్చని గుణం ఒక్కటే. మా జీతం తింటూ అవతలి కంపెనీ సిమ్ము వాడేవాడు. "వాళ్లది నెట్టు మంచిగొస్తది సార్" అనేవాడు, మా టవర్‌కే వీపు ఆనించి కూర్చుని.

వాళ్ల అన్న ఊళ్లో ఉండేవాడు కాదు. మంద వెంట తిరిగేవాడు. గడ్డి ఎక్కడుంటే అక్కడ. మెకానిక్ ఆయనకో చిన్న ఫోన్ కొని, అందులో మా కంపెనీ సిమ్ము వేసిచ్చాడు. నా మనసు నొప్పించకుండా ఉండటానికేమో. ఆ ఫోన్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఎత్తితే పైసలు పోతాయన్న భయం ఆయనకు ఎంత పాతదంటే, కాల్స్ చవకయ్యాక కూడా పోలేదు. అన్నదమ్ములిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు.

మెకానిక్ ఫోన్ మోతలో ఒగ్గు కథ చెప్పేవాళ్ల డోలు ఉండేది. ముందు ఒట్టి డోలు దరువు, కాసేపయ్యాక పాడేవాడి గొంతు ఎత్తుకునేది. అన్న రోజూ ఫోన్ చేసి డోలు మీదే కోసేస్తే, మంచిగున్న అని. కోయకుండా వదిలేస్తే, గొంతు వినపడేదాకా మోగితే, ఆపద, లేచి రా అని. ఆ మోత మార్చొద్దని అన్న ఆన పెట్టాడు. జిల్లాలో అందరూ వారానికో పాట మార్చుకుంటుంటే మా మెకానిక్ ఫోన్ మాత్రం ఒకే డోలు కొట్టేది. ఆ గొంతు నేనొక్కసారీ వినలేదు. అంటే ఆ అన్న ఎప్పుడూ క్షేమంగానే ఉన్నాడన్నమాట.

ఆ రోజు పొద్దున హైదరాబాద్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. చదివాను, నవ్వుకున్నాను, చాయ్ తాగాను. మధ్యాహ్నం దేవరకద్ర దాటాక ఒక టవర్ నీడలో సద్ది విప్పుకున్నప్పుడు మెకానిక్ అడిగాడు.

"పొద్దుగాల సంది మీలో మీరే నవ్వుకుంటున్నరు. ఏంది సార్ కథ?"

"నేను నీకు ఫోన్ చేసిననుకో తమ్మీ. నాది మా కంపెనీ, నీది వేరే కంపెనీ..."

"ఆడికే వస్తరు మీరు."

"ఇను జర. నా మాట మీ కంపెనీ టవర్ మీదికెళ్లి వచ్చి నీ చెవుల పడాలె. అందుకు మా కంపెనీ మీ కంపెనీకి నిమిషానికి ఇన్ని పైసలని కట్టాలె. నువ్వు నాకు చేస్తే మీరు మాకు కట్టాలె."

"అంటే గడప కిరాయి. మీ మాట మా గడప తొక్కినందుకు."

అంతకంటే మంచి పేరు ఆ చార్జీకి నేను ఏ కాగితంలోనూ చూడలేదు. "అదే. గడప కిరాయి. ఎవరు ఫోన్ చేస్తే వాళ్లకు ఖర్చు. అందుకని మా పెద్దలు ఒక ఉపాయం చేసిన్రు. మా దిక్కు నుంచి మీకు పోయే కాల్ కొద్దిసేపే మోగుతది. నువ్వు ఉరికొచ్చి ఎత్తేలోపట ఆగిపోతది. మిస్డ్ కాల్ చూసి నువ్వే తిరిగి చేస్తవు. గడప కిరాయి మీకు పడ్తది."

అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "గింత పెద్ద కంపెనీ మిస్డ్ కాల్ ఇస్తదా సార్?"

"ఇస్తది."

"మా అన్న నయం."

ఇద్దరం గట్టిగానే నవ్వాం. ఆ నవ్వు ఇంకా గాలిలో ఉండగానే అతని ఫోన్ మోగింది. డోలు. చేతికి పచ్చడి అంటి ఉంది, ఎలాగూ ఎత్తేది లేదు కాబట్టి చూస్తూ కూర్చున్నాడు. డోలు చాలాసేపు కొట్టి ఆగింది.

"అన్న మంచిగున్నడు" అన్నాడు. "ఇయ్యాల జర ఎక్కువనే మోగించిండు. ఖుషీల ఉన్నట్టుండు."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ చుర్రుమంటోంది. ఇదెందుకు చెబుతున్నానంటే, చినుకు పడి ఉంటే మాకు నది గుర్తొచ్చేది.

గిన్నెలు సర్దుకుని జీపు ఎక్కాం. మరికల్ వైపు ఇంకో టవర్ చూడాల్సి ఉంది. కొంతదూరం పోగానే మళ్లీ డోలు. మళ్లీ గొంతు దాకా రాకుండానే ఆగింది.

"మల్ల మంచిగున్నడు" అన్నాడు మెకానిక్. ఈసారి నవ్వలేదు.

నేను జీపు నడుపుతున్నాను. ఒక మనిషి ఒకే పూటలో రెండుసార్లు క్షేమంగా ఉండటంలో తప్పేమీ లేదు. అయినా అడిగాను.

"రోజుకు ఎన్నిసార్లు చేస్తడు మీ అన్న?"

"ఒక్కపారే సార్. పొద్దూకంగ. మంద దొడ్లె పడినంక."

"మరి ఇయ్యాల మిట్టమధ్యాహ్నం చేసిండు కదా."

జీపు పక్కకు ఆపాను. "మొదటిపారి ఎందాక మోగింది?"

"డోలు అయిపోవస్తుండె."

"రెండోపారి?"

"గాడికే."

నా ఫోన్ తీశాను. మా కంపెనీ సిమ్ము. "నీ ఫోన్ సీటు మీద పెట్టు. ముట్టకు. నేను గూడ ముట్ట." అతని నంబరు నొక్కి నా ఫోన్‌ను కూడా ఆ ఫోన్ పక్కనే పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాను. డోలు మొదలైంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఇద్దరం రెండు ఫోన్ల మీదికి వంగి, పాము పుట్టను చూస్తున్నట్టు చూస్తున్నాం. దరువు పెరిగింది. ఇక గొంతు ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. ఆగింది.

ఎవరం ముట్టుకోలేదు.

నా ఉద్యోగంలో పిడుగు పడ్డ టవర్లు చూశాను, మనుషులు పడ్డ టవర్లూ చూశాను. సీటు మీద ఒక డోలు దరువు ఆగినప్పుడు అయినంత భయం నాకు ఎప్పుడూ కాలేదు. ఆయన కోయలేదు. రెండుసార్లూ చివరిదాకా మోగనిచ్చాడు. రా అన్నాడు. మధ్యలో మా కంపెనీ అందుకుని, మంచిగున్నాడని చెప్పింది. నేను పొద్దున చదివి నవ్వుకున్న ఆ మెయిలే.

మెకానిక్ సీటు మీది ఫోన్ లాక్కున్నాడు. తిరిగి చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. వాళ్ల వదినకు చేశాడు. ఆమె గొంతు నాకూ వినపడింది.

"నది దిక్కు తోలుకపోయిండు మందను. ఏడనో నాకేమెరుక? గడ్డి మస్తుందట అన్నడు. ఏమైంది మరిదీ? గట్ల అడుగుతున్నవేంది?"

"ఏం కాలే వదినా. ఊరికెనే." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "సార్, పైన కర్ణాటకల వానలు."

అప్పుడు ఇద్దరికీ తెలిసింది. మా నెత్తిన ఎండ కాస్తున్నా కృష్ణలోకి నీళ్లు ఎక్కడి నుంచో వస్తాయి. పైన గేట్లు ఎత్తితే కింద ఎండలోనే వరద. నీళ్లు తక్కువున్నప్పుడు నది నడుమ దిబ్బల మీద పచ్చగడ్డి ఉంటుంది, మోకాలి లోతులో మందను దాటించి మేపుతారు. గేట్లు ఎత్తే ముందు చాటింపు వేస్తారు. ఊళ్లో వేస్తారు. దిబ్బ మీద వెయ్యరు.

పోలీస్ స్టేషన్‌కు చేశాను. కానిస్టేబుల్ మర్యాదస్తుడే. "ఏ ఊరు దగ్గర సార్? నది చానా పొడుగున్నది" అన్నాడు. నిజమే. నది విషయంలో ఆయన్ను తప్పుపట్టలేం.

ఇక మిగిలింది హైదరాబాద్‌లో మా కంట్రోల్ రూం. ఆ సిమ్ము చివరగా ఏ టవర్ మీద పలికిందో వాళ్లకు కనపడుతుంది. డ్యూటీలో ఉన్న ఇంజనీరమ్మకు నంబరు ఇచ్చి సంగతి చెప్పాను.

"పోలీసు లెటర్ లేకుండా కస్టమర్ ఎక్కడున్నాడో చెప్పకూడదు సార్. మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా."

కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆమె చాలా మామూలుగా అంది. "సార్, మక్తల్ అవతల మన ఏటి గడ్డ టవర్ మీరు ఇన్‌స్పెక్షన్ చేసి చాలా రోజులైనట్టుంది. ఒకసారి వెళ్లి చూడండి. ఇప్పుడే వెళ్తే మంచిది." ఆ వెంటనే అంది, "నేను ఏమీ చెప్పలేదు సార్."

"నేను ఏమీ వినలేదమ్మా" అన్నాను. అప్పటికే జీపు కదిలింది. కానిస్టేబుల్‌కు ఊరు పేరు మెకానిక్ చెప్పాడు.

ఆ దారంతా నాకు గుర్తున్నది ఒకటే. మెకానిక్ ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు, పిట్టపిల్లను పట్టుకున్నట్టు. అది మళ్లీ మోగుతుందేమో అని భయం. మోగదేమో అని ఇంకా భయం. నాకు మాత్రం దారి పక్క ప్రతి మనిషి చేతిలో ఫోనే కనపడింది. వీళ్లలో ఎందరికి ఎన్ని ఒప్పందాలున్నాయో. బస్సు దిగితే ఒక మోత, దవాఖానలో చేర్చుకుంటే రెండు మోతలు. ఆ ఉపాయం కనిపెట్టిన పెద్దలకు జనం ఫోన్లు ఎత్తడం తెలుసు. ఎత్తకుండా మాట్లాడుకోవడం తెలియదు.

నది ఒడ్డున అప్పటికే జనం ఉన్నారు. నీళ్లు ఎర్రగా, నురగతో, పెద్దగా చప్పుడు లేకుండా పోతున్నాయి. వరద గర్జిస్తుందని పుస్తకాల్లో చదివాను. ఇది గర్జించలేదు. పని మీద పోతున్న మనిషిలా పోతోంది. నడుమ ఒక దిబ్బ, దాని మీద నల్లటి మచ్చ. కళ్లు అలవాటు పడ్డాక ఆ మచ్చ గొర్రెలైంది. వాటి మధ్యన నిలబడి ఒక మనిషి గొంగడి ఊపుతున్నాడు.

"అన్నా!" అని మెకానిక్ అరిచాడు. ఆ గొంతు నీళ్ల మీద సగం దూరం కూడా పోలేదు. వెంటనే చేతిలో ఫోన్ తీసి నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. స్విచాఫ్ అని తెలుసు. అయినా పెట్టుకుని, ఆ మాట మొత్తం విన్నాడు.

పక్కనున్న ఒకాయన చెప్పాడు. "పొద్దుగాల మోకాలి లోతు లేకుండె. చూస్తుండంగనే పెరిగింది. పుట్టి ఉంది గని ముసలాయన కదుల్తలేడు."

పుట్టి ముసలాయన, అంటే ఆ ఊరి చేపలు పట్టే పెద్దమనిషి, ఆ గుండ్రటి బుట్ట పడవ పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మెకానిక్ పోయి కాళ్ల మీద పడ్డాడు.

"లే బిడ్డా. నీళ్లు ఊపు మీదున్నయి. ఊపు తగ్గినంక పోత."

"తగ్గకుంటే?"

"తగ్గకుంటే పోను. నేను పోయి నాలుగో శవమైతే నీకేం లాభం?"

"నాలుగో శవమా? ఆడ ఉన్నది ఒక్కడే కద తాతా."

"నాతోని ఇద్దరు రావాలె" అన్నాడు ముసలాయన. లెక్క సరిగ్గానే చెప్పాడు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. మేమందరం ఆ పుల్లను చూస్తూ నిలబడ్డాం. అది మునిగింది. కొంచెం వెనక్కి వచ్చి ఇంకోటి గుచ్చాడు. అదీ మునిగింది. దిబ్బ చిన్నదవుతోంది. నల్లమచ్చ దగ్గరికి ముడుచుకుంటోంది. గొంగడి ఊపడం ఆగింది. ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు. మెకానిక్ నా పక్కనే నిలబడి నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

మూడో పుల్ల మునగలేదు.

ముసలాయన దాన్ని చాలాసేపు చూశాడు. బీడీ పారేసి, తన కొడుకును, అల్లుణ్ణి పిలిచి పుట్టి నీళ్లలోకి తోశాడు. పుట్టి గిర్రున తిరుగుతూ పోయింది. తిరిగినప్పుడల్లా ఒకసారి మనుషులు కనపడేవాళ్లు, ఒకసారి పుట్టి వీపు మాత్రమే కనపడేది. వీపు కనపడినప్పుడల్లా ఒడ్డున ఊపిరి ఆగేది.

దిబ్బకు తగిలారు. అక్కడ ఏదో వాదన జరుగుతున్నట్టు చేతులు ఊగాయి. తర్వాత తెలిసింది. ఎక్కమంటే అన్న ఎక్కలేదట. పొట్టేలును ఎక్కిస్తేనే ఎక్కుతానన్నాడట. "గిది నీళ్లల్ల పోతేనే తక్కినయి దిగుతయి. గిది ఆడ్నే ఉంటే అన్నీ ఆడ్నే సస్తయి." ముసలాయన తిట్టి, చివరికి ఎక్కించాడు. పుట్టి కదలగానే పొట్టేలు అరిచింది. ఆ అరుపుకు మంద మొత్తం నీళ్లలో పడింది. నల్లటి తలలు, వాటి వెనక ఇంకా తలలు. కొన్ని పుట్టి వెంట వచ్చాయి. కొన్ని కిందికి కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డు పట్టాయి. కొన్ని పట్టలేదు. ఎన్ని పోయాయని ఆ రోజు ఆయన లెక్కపెట్టలేదు, మేం అడగలేదు.

ఒడ్డున కాలు పెట్టాక అన్న తమ్ముణ్ణి కౌగిలించుకోలేదు, ఏడవలేదు. నడుము దాకా తడిసి, పొట్టేలు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"మోగలేదారా?"

"మోగింది అన్నా. పాట రాలే."

"నేను కొయ్యలే. అయిపోయేదాక పట్టుకున్న. రెండుపార్లు చేసినంక బ్యాట్రీ సచ్చింది."

"తెల్సు."

"మరి ఎవడు కోసిండు?"

మెకానిక్ అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పండి సార్, మీరైతే మంచిగ చెప్తరు, అన్నట్టుంది. మధ్యాహ్నం ఇదే కథ ఎంత బాగా చెప్పానో అతనికి గుర్తుంది.

గొంతు సవరించుకున్నాను. "కంపెనీ కోసిందన్నా. ఆ కంపెనీకి ఈ కంపెనీకి మధ్యన..." అని మొదలుపెట్టి ఆగాను. నిమిషానికి కొన్ని పైసల గురించి ఆ నది ఒడ్డున ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "కంపెనీకి నాతోని ఏం పగ?"

"పగేం లేదన్నా" అన్నాను.

నిజంగానే లేదు. నాకు ఇప్పటికీ భయం కలిగించేది అదే. పగ ఉంటే ఆయనొకడున్నాడని వాళ్లకు తెలిసి ఉండేది.

తర్వాత నేను పైకి ఒక మెయిల్ రాశాను. జరిగింది జరిగినట్టు, మందతో సహా. సూచన పంపినందుకు ధన్యవాదాలు తెలిపారు. కొన్నాళ్లకు కంపెనీలన్నీ ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకున్నాయి, ఫోన్ ఎంతసేపు మోగాలో పైనుంచి ఒక నిబంధన వచ్చింది, ఇంకొన్నాళ్లకు గడప కిరాయే ఎత్తేశారు. ఇప్పుడు ఎవరి మాట ఎవరి గడప తొక్కినా పైసా లేదు. అంత వాదనలోనూ ఎత్తని ఫోన్ల గురించి ఎవరూ మాట్లాడినట్టు నేను వినలేదు.

అన్నదమ్ములు మాత్రం ఆ సాయంత్రమే, ఊళ్లో ఎవరో ఇచ్చిన చాయ్ తాగుతూ తమ నిబంధన మార్చుకున్నారు. ఇక పాట దాకా, డోలు దాకా అన్న లెక్క లేదు.

"ఇయ్యాల్టి సంది గిట్ల" అన్నాడు అన్న. "రోజు పొద్దూకంగ మోగిస్త. మోగితే మంచిగున్న. ఎంత మోగినా మంచిగున్నట్టే. మోగకుంటేనే రా."

"నేనెత్తుత, మాట్లాడరాదన్నా ఇగనన్న" అన్నాడు మెకానిక్.

"ఏం మాట్లాడేదుంది? మంచిగున్న అనే కద." తర్వాత నా వైపు తిరిగాడు. "సారుకు గూడ మోగిస్త. ఒకడు మరిస్తే ఇంకొకడు ఉంటడు."

ఆయన అది నమ్మకంతో అన్నాడో, శిక్షగా అన్నాడో నాకు తెలియదు. అడగలేదు. నేను రిటైరయ్యాను, పోచంపల్లి తిరిగొచ్చాను. ఆయన ఇప్పటికీ గొర్లు కాస్తున్నాడు. రోజూ పొద్దుగూకే వేళ నా ఫోన్ మోగుతుంది. "అంత ఘనంగా మోగుతుంటే ఎత్తరాదా?" అంటుంది మా ఆవిడ. ఎత్తకూడదు అంటాను. ఆమెకు ఈ కథ చాలాసార్లు చెప్పాను. అయినా రోజూ అడుగుతుంది. అదీ ఒక ఒప్పందం లాగే అయింది.

అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది. గొర్రెలకు గడియారం ఉండదు, ఛార్జింగ్ దొరకకపోవచ్చు, ఏ గుట్ట వెనకో సిగ్నల్ ఉండకపోవచ్చు. అవన్నీ నాకు తెలుసు, జీవితమంతా నేను చేసిన పనే అది. అయినా ఆ కాసేపు వీధిలో ఏ మగ్గం చప్పుడూ నాకు వినపడదు. తల ఎత్తి కూర్చుంటాను, బాపు మగ్గం ఆగినప్పుడు వాకిట్లో కూర్చున్నట్టు. పోగు తెగిందా, మనిషికేమైనా అయిందా?

మోగుతుంది. తల దించుకుంటాను. ఎత్తను.